రెండు కిలోల తిండి, 1,110 కేలరీలు: వండని ఆహారంపై ఒక కేస్ స్టడీ

జులై నెలలో ఒక శనివారం ఉదయం బెంగళూరులోని నా పోషకాహార క్లినిక్‌కు వచ్చిన ఆమె వయసు 31 ఏళ్ళు. సొంత ఊరు అనంతపురం జిల్లాలో; మారతహళ్ళి దగ్గర స్నేహితురాలితో కలిసి అద్దెకు ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 45.5 కిలోలు. ఎనిమిది నెలల క్రితం, కార్తీక మాసంలో వండని ఆహారం మొదలుపెట్టిన నాటికి 56 కిలోలు ఉండేవారని ఆఫీసులో చేయించిన వైద్య పరీక్షల కాగితం చూపించారు. అంటే ఎత్తుకు బరువు ఎంత తగినదో చెప్పే బీఎంఐ 21.9 నుంచి 17.8కి దిగింది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తు పట్టే వివరాలు కొన్ని మార్చాను, అంకెలు మార్చలేదు.

ఆమె చెప్పుకున్న ఇబ్బంది జుట్టు రాలడం. అడిగితే తప్ప చెప్పని ఇబ్బంది, ఐదు నెలలుగా నెలసరి రాకపోవడం. దాని గురించి ఆమెకు పెద్ద ఆందోళన లేదు, ఎందుకంటే ఈ ఆహారాన్ని పాటించే పరిచయస్తులు కొందరు శరీరం శుద్ధి అయినవారికి నెలసరి తగ్గిపోవడం సహజమేనని, విసర్జించవలసిన మలినం లేనప్పుడు రక్తస్రావం అవసరం ఉండదని ఆమెకు నచ్చజెప్పారు. ఈ మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు. విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, కానీ ఆ కోపం ఎదుట కూర్చున్న మనిషి మీద చూపితే రెండోసారి రారు.

ఈ ఆహారం వల్ల ఆమెకు కలిగిన మేలును కూడా రాయాలి. అంతకుముందు హోటల్ భోజనం, రాత్రి పదింటికి ఆర్డర్ పెట్టుకునే బిర్యానీ, రోజుకు నాలుగు కాఫీలు ఆమె అలవాటు. అవన్నీ పోయాయి. ఏళ్ళ తరబడి ఉన్న మలబద్ధకం, ఎసిడిటీ నెలలోపే తగ్గాయి, ముఖం మీద మొటిమలు పోయాయి. ఇంత మేలు కళ్ళముందు కనిపిస్తున్నప్పుడు అదే తిండి కీడు కూడా చేస్తోందని నమ్మడం ఎవరికైనా కష్టమే. మొదటి నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు, తర్వాతి నాలుగు నెలల్లో రెండున్నర కిలోలు తగ్గారు. బరువు తగ్గడం నెమ్మదించినందువల్ల శరీరం తనకు తగిన బరువును తానే వెతుక్కుని అక్కడ నిలబడుతోందని ఆమె అనుకున్నారు.

నెలసరి ఆగిన మనిషికి ముందు నేను చేయవలసింది ఆహార పట్టిక ఇవ్వడం కాదు కనుక గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. గర్భం లేదు, స్కానింగ్‌లో దోషం లేదు, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ మామూలుగానే ఉన్నాయి. అండాశయాలను నడిపే హార్మోన్లు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తక్కువ స్థాయిలో, థైరాయిడ్ హార్మోన్ టీ3 మామూలు పరిధి కింది గీత మీద ఉన్నాయి. హిమోగ్లోబిన్ 10.4, శరీరంలోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 9, విటమిన్ బీ12 స్థాయి 148, మూడూ తక్కువే. శక్తి చాలక మెదడులోని హైపోథాలమస్ అండాశయాలకు పంపే సంకేతాలను తగ్గించుకున్నదని డాక్టరు నిర్ధారించి, బీ12, ఐరన్, విటమిన్ డీ మందులు రాసి, తిండి సంగతి చూడమని తిరిగి నా దగ్గరికి పంపారు.

తూచి చూస్తే

"రోజంతా తింటూనే ఉంటాను మేడం, కడుపు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది" అన్నారు ఆమె. అది అబద్ధం కాదు. వంటింటి త్రాసు కొనిపించి, రెండు పనిదినాలు, ఒక ఆదివారం తిన్నదంతా గ్రాముల్లో రాయించాను. పండ్లను తొక్క, గింజ తీసి తూచమన్నాను, లేకపోతే లెక్కలో పావు వంతు చెత్తబుట్టలోకి పోతుంది.

ఒక సగటు రోజు ఇలా ఉంది. పొద్దున కొబ్బరి బోండాం నీళ్ళు 300 మిల్లీలీటర్లు, తర్వాత బూడిద గుమ్మడి రసం మరో 300. రెండూ కలిపి 100 కేలరీలు. ఫలహారానికి బొప్పాయి 300 గ్రాములు, రెండు అరటిపండ్లు, 320 కేలరీలు అనుకోవచ్చు. మధ్యాహ్నం డబ్బాలో మొలకెత్తిన పెసలు 100 గ్రాములు, దోసకాయ, క్యారెట్, టమాటా కలిపి 400 గ్రాములు, పైన 30 గ్రాముల కొబ్బరి కోరు, మొత్తం 290. సాయంత్రం నానబెట్టిన బాదం పది, ఖర్జూరం నాలుగు, 160. రాత్రికి జామ, యాపిల్ వంటి పండ్లు 400 గ్రాములు, 240. అన్నీ కలిపితే 1,110 కేలరీలు. పోషకాహార పట్టికల్లో కిలోకేలరీ అని ఉండేదాన్నే అందరిలాగా నేనూ కేలరీ అంటున్నాను. మాంసకృత్తులు దాదాపు 25 గ్రాములు. రసాలతో సహా ఆమె రోజూ లోపలికి పంపుతున్న బరువు రెండు కిలోలు దాటుతోంది.

ఈ కేసులో అసలు విషయం ఈ రెండు అంకెల మధ్యే ఉంది. గ్రాముకు అర కేలరీ కంటే కొంచెం ఎక్కువ ఇచ్చే తిండితో పొట్ట సాగుతుంది, సాగిన పొట్ట చాలు అంటుంది, ఆ మాట విని మనిషి ఆపేస్తారు. పొట్టకు బరువూ పరిమాణమూ తెలిసినంత వెంటనే కేలరీల సంగతి తెలియదు. పోల్చి చూపడానికి ఆమె ముందే ఒక లెక్క వేశాను: 250 గ్రాముల అన్నం, 150 గ్రాముల ముద్దపప్పు, రెండు చెంచాల నెయ్యి కలిపితే 560 కేలరీల దాకా వస్తాయి. ఇంతే శక్తిని దోసకాయల నుంచి రాబట్టాలంటే మూడున్నర కిలోలు తినాలి. ఆమె నవ్వారు కానీ ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నారు.

అవసరం ఎంత

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 55 కిలోల బరువుండి కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు, మధ్యస్థంగా శ్రమ చేసే స్త్రీకి 2,130 కేలరీలు కావాలి. ఇవి జనాభాకు వేసిన సగటులు. ఒక్క మనిషికి విడిగా లెక్క కట్టుకోవాలి. మిఫ్లిన్, సెయింట్ జోర్ సూత్రంలో స్త్రీలకు బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చవేసి, కలిపి, వయసుకు ఐదు రెట్లూ మరో 161 తీసివేస్తే విశ్రాంతిలో శరీరానికి అయ్యే ఖర్చు వస్తుంది. ఆమెకు 455, 1,000 కలిపి, 155, 161 తీసివేస్తే 1,139. పగలంతా కుర్చీలో కూర్చునే పని, వారానికి నాలుగు రోజులు ఐదు కిలోమీటర్ల పరుగు ఉన్నందున దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే ఇప్పుడున్న బరువును నిలుపుకోవడానికే 1,700 కావాలి.

అంటే పడుకుని కదలకుండా ఉన్నా శరీరానికి పట్టే ఖర్చు కంటే ఆమె తిండి తక్కువ. నెలసరి ఆగిపోయినవారి విషయంలో నేను మరో లెక్క కూడా చూస్తాను. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి పోయినదాన్ని తీసివేసి, మిగిలినదాన్ని కొవ్వు మినహా ఉన్న శరీర బరువుతో భాగిస్తే, గుండె, కాలేయం, హార్మోన్లు తమ పని చేసుకోవడానికి మిగిలే శక్తి తెలుస్తుంది. కిలోకు 45 కేలరీలు మిగిలితే హాయి. 30 కంటే దిగితే ఎల్‌హెచ్ విడుదల లయ తడబడటం మొదలవుతుందని నియంత్రిత ప్రయోగాల్లో గమనించారు. పరుగు పెట్టిన రోజున ఆమెకు 1,110లో పరుగు కింద 225 పోగా మిగిలినది 885. కొవ్వు మినహా బరువు 37.3 కిలోలు, కిలోకు దక్కింది 24. కొవ్వు కొలిచిన యంత్రాన్ని నేను పూర్తిగా నమ్మను, కానీ అది ఒకటి రెండు కిలోలు తప్పు చెప్పినా ఈ అంకె 30 దాటదు.

చదివేవారిలో లెక్కలు బాగా వచ్చినవారికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. రోజుకు 600 కేలరీల లోటు ఉంటే గత నాలుగు నెలల్లో రెండున్నర కిలోలు కాదు, ఇంకా చాలా తగ్గాలి కదా? డైరీలో రాయని గుప్పెడు ఖర్జూరాలు కొంత కారణం కావచ్చు. కానీ నాడి నిమిషానికి 52, జులైలో కూడా అరచేతులు చల్లగా ఉండటం, కింది గీత మీద ఉన్న టీ3, మధ్యాహ్నం మూడింటికి ముంచుకొచ్చే నీరసం చూస్తే, రాబడి తగ్గిన ఇంట్లో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకున్నట్టు శరీరం తన ఖర్చును తగ్గించుకుందని స్పష్టంగా తెలుస్తోంది. ఆమె తనకు తగిన బరువు దొరికిందనుకున్నది ఈ పొదుపును చూసే.

ఆమె శాస్త్రం చదివిన మనిషి కనుక జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం వారు 1999లో ప్రచురించిన అధ్యయనాన్ని చూపించాను. దీర్ఘకాలంగా పచ్చి ఆహారం మీద ఉన్న 216 మంది పురుషులను, 297 మంది స్త్రీలను వారు పరిశీలించారు. ఈ ఆహారం మొదలుపెట్టాక స్త్రీలు సగటున 12 కిలోలు, పురుషులు 9.9 కిలోలు తగ్గారు. స్త్రీలలో నలుగురికి ఒకరు ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నారు. 45 ఏళ్ళ లోపు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి నెలసరి పాక్షికంగానో పూర్తిగానో ఆగిపోయింది. పచ్చి ఆహారం వంతు 90 శాతం దాటినవారిలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఆమె ఆ పేజీని రెండుసార్లు చదివి, "ఇది శుద్ధి కాదన్నమాట" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి పరుగు ఆపడానికి ఒప్పుకున్నారు.

మొదటి ప్రణాళిక, నా పొరపాటు

వండినది తినడానికి మాత్రం ఒప్పుకోలేదు. పట్టుపట్టి ఉంటే మనిషే చేజారేవారు కనుక పచ్చి ఆహారంలోనే శక్తి పెంచుదామన్నాను. మన ఇళ్ళలో నిప్పు తగలని పదార్థాలు కొత్తవేమీ కాదు. శ్రీరామనవమి వడపప్పు, లేత కంకులు, నువ్వులు బెల్లం దంచిన చిమ్మిలి ఉన్నాయి. ఇక్కడి కన్నడిగుల కోసంబరి కూడా నానిన పెసరపప్పే. వీటిలో చిమ్మిలి నాకు బాగా పనికొచ్చింది, ఎందుకంటే చిన్న ఉండలో ఎంతో శక్తి ఉంటుంది. బెల్లం చెరకు రసాన్ని కాచి చేసేదే కదా అని ఆమే నన్ను పట్టుకున్నారు. నిజమే; ఆ మాటకొస్తే వడ్లను నానబెట్టి, వేయించి దంచే అటుకులు కూడా పచ్చివి కావు. బెల్లానికి బదులు ఖర్జూరం వేసి నువ్వులు దంచుకోమన్నాను.

బూడిద గుమ్మడి రసం తీసేశాం, కూరగాయ ముక్కలు సగానికి తగ్గించాం. అరటిపండ్లు నాలుగు, బెంగళూరులో బటర్ ఫ్రూట్ అనే అవకాడో 150 గ్రాములు, నానబెట్టిన వేరుశనగ 50 గ్రాములు, కొబ్బరి 60 గ్రాములు, బాదం 30 గ్రాములు, ఖర్జూరం 60 గ్రాములు, చిమ్మిలి 40 గ్రాములు చేర్చాం. మొలకలు, రాత్రి పండ్లు యథాతథంగా ఉన్నాయి. కాగితం మీద సరిగ్గా 2,000 కేలరీలు. రెండో వారంలో ఆమె సొంత ఆలోచనతో రాజ్మా మొలకెత్తించి ఫొటో పంపారు. వెంటనే ఫోన్ చేసి ఆపించాను. పచ్చి రాజ్మాలోని లెక్టిన్ అనే విషపదార్థం కొద్ది గింజలతోనే తీవ్రమైన వాంతులు తెప్పిస్తుంది, బాగా ఉడికిస్తే తప్ప విరగదు.

ఐదు వారాలకు కిలో దాటి పెరగవలసిన బరువు 400 గ్రాములే పెరిగింది. ఆమె తినడం లేదేమోనని మొదట అనుమానించాను. డైరీ చూస్తే ఒక్క రోజు కూడా తప్పలేదు. తప్పు నా లెక్కలో ఉంది.

పట్టికల్లో ఉండే కేలరీలు అట్వాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దపు చివర్లో రూపొందించిన గుణకాల మీద ఆధారపడినవి: పిండిపదార్థానికి, మాంసకృత్తులకు గ్రాముకు 4, కొవ్వుకు 9. గింజను మనం ఎలా తిన్నామన్నది ఆ గుణకాలకు తెలియదు. గింజలోని నూనె గట్టి కణాల గోడల లోపల బంధించి ఉంటుంది. పంటి కింద నలగని కణాలు నూనెతో సహా అలాగే బయటికి పోతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో కొలిచినప్పుడు, పట్టిక ప్రకారం సుమారు 170 కేలరీలు ఇవ్వవలసిన 28 గ్రాముల బాదం నుంచి శరీరానికి అందినవి 129 మాత్రమే. 2016లో వారే వేయించిన, తరిగిన, రుబ్బిన బాదంతో మళ్ళీ చూస్తే, వెన్నలా రుబ్బిన బాదం విషయంలో పట్టికకూ శరీరానికీ తేడా కనిపించలేదు. వేరుశనగతోనూ ఇలాగే గింజగా తిన్నప్పుడు కొవ్వు ఎక్కువగా బయటికి పోతుందనీ, వెన్నగానో నూనెగానో తిన్నప్పుడు చాలా తగ్గుతుందనీ 1980లోనే తేలింది.

నేను ఇచ్చిన 2,000లో వేరుశనగ, కొబ్బరి, నువ్వులు, బాదం కలిపి 810 కేలరీలు. అవన్నీ ఆమె గింజలుగా, ముక్కలుగా, కచ్చాపచ్చాగా దంచి, అదీ ల్యాప్‌టాప్ ముందు సరిగా నమలకుండా తిన్నారు. 810లో పావు వంతు పోయినా 200; నేను పెంచుదామనుకున్న 300లో మిగిలేది 100. దానికి తోడు, తిండి పెరగగానే శరీరం ఆర్పిన దీపాలు మళ్ళీ వెలిగించుకోవడం మొదలుపెడుతుంది, ఆ ఖర్చూ నేను లెక్కలో వేయలేదు. మొలకల సంగతీ ఇంతే. ఉడకని పిండిపదార్థం గట్టి రేణువులుగా ఉండి జీర్ణరసాలకు సులువుగా లొంగదు; నీళ్ళలో ఉడికి ఉబ్బినప్పుడే విచ్చుకుంటుంది. వంట అంటే ఒక రకంగా పొట్ట చేయవలసిన పనిలో కొంత పొయ్యికి అప్పగించడం.

పొయ్యి వద్దన్నారు కనుక ఆ పని రోలుకూ మిక్సీకీ అప్పగించాం. నానిన బాదం, వేరుశనగ మెత్తగా రుబ్బి, అరటిపండుతో కలిపి తాగడం. కొబ్బరిని పాలు తీసుకోవడం. నువ్వులను నూనె తేలేదాకా నూరడం. గానుగ కొబ్బరి నూనె రోజుకు ఒక పెద్ద చెంచా, అంటే మరో 120 కేలరీలు. పదార్థాల జాబితా దాదాపు పాతదే. తర్వాతి ఐదు వారాల్లో కిలో 300 గ్రాములు పెరిగి 47.2కు వచ్చారు.

రాత్రి భోజనం

మార్పు నా వల్లే వచ్చిందని చెప్పుకోలేను. సెప్టెంబరు చివర్లో వాళ్ళ అమ్మగారు ఊరి నుంచి వచ్చి, కూతురితో పాటు నా దగ్గరికి కూడా వచ్చారు. "ఆకులూ అలములూ తిని బతకడానికి అడవిలో ఉన్నామా మేడం? మా చేన్లో బుడ్డలు (వేరుశనగ) పండించేది నేను, అవి ఉడకబెట్టి పెడితే ముట్టనంటుంది" అన్నారు. కూతురు తల వంచుకుని కూర్చున్నారు. పగలు తనకు నచ్చినట్టే తినవచ్చనీ, రాత్రి ఒక్క పూట అమ్మ పెట్టింది తింటే రుబ్బుడు పని సగం తగ్గుతుందనీ నేను మధ్యేమార్గం చెప్పాను. శుద్ధి, సిద్ధాంతం అన్న చర్చ ఎత్తలేదు. రోజూ రాత్రి ఇంటికొచ్చి గంటసేపు రుబ్బుకోవడంతో ఆమె అప్పటికే విసిగిపోయి ఉన్నారని నాకు తెలుసు.

మొదటి వారం రాత్రి అన్నం తిన్నాక కడుపు ఉబ్బరంగా ఉందని, తప్పు చేసినట్టుందని మెసేజులు పెట్టారు. రెండో మాట విని, తిండి విషయంలో భయాలతో పనిచేసే కౌన్సిలర్ దగ్గరికి పంపాను. ఇది ముందే చేసి ఉండవలసింది. వారానికి ఒక కప్పు చొప్పున పెంచుతూ నవంబరు నాటికి పూర్తి భోజనానికి వచ్చారు. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే వేరుశనగ జాతర కడలెకాయి పరిషెకు వెళ్ళి, అక్కడ ఉడకబెట్టిన వేరుశనగ కొనుక్కుని తిన్నానని ఫొటో పంపారు. సరిగ్గా ఏడాది క్రితం అదే మాసంలో పొయ్యి మానేసిన మనిషి.

డిసెంబరు మొదట్లో బరువు 49.6. సంక్రాంతి తర్వాత వారంలో, నా దగ్గరికి వచ్చిన 27వ వారంలో, నెలసరి తిరిగి వచ్చింది; అప్పుడు బరువు 51 కిలోలు, బీఎంఐ 20కి కొద్దిగా తక్కువ. నాడి 64. రోజు మొత్తం తిండి 2,050 కేలరీల దగ్గర ఉంది, అందులో మూడో వంతు రాత్రి భోజనానిది. పొద్దున పండ్లు, మధ్యాహ్నం మొలకలు, కొబ్బరి పాలు ఆమె మానలేదు, నేను మానమనలేదు. మలబద్ధకం తిరిగి రాలేదు. 56 కిలోలకు చేరాలని నేను ఒత్తిడి చేయడం లేదు. నెలసరి వరుసగా మూడు నెలలు వస్తే ఇదే ఆమె బరువు అనుకోవచ్చునని డాక్టరూ నేనూ అనుకున్నాం.

జుట్టు రాలడం తగ్గింది కానీ ఆగలేదు. ఫెరిటిన్ 18 దగ్గరే ఉంది కనుక ఐరన్ కొనసాగుతోంది. వారానికి రెండు రోజులు పరుగు మళ్ళీ మొదలుపెడతానని ఆమె అడిగారు. పరుగు పెట్టిన రోజు 225 కేలరీలు అదనంగా తిని, ఆ రెండు రోజుల డైరీ నాకు పంపుతానన్న షరతు మీద ఒప్పుకున్నాను. మొదటి వారం డైరీలో ఒక రోజుకే లెక్క ఉంది. రెండో రోజు ఏం తిన్నారని అడిగాను. జవాబు కోసం చూస్తున్నాను.